నేరేడ్‌మెట్ ఆకలి బ్యాంకు

మెట్టుగూడలో శ్యామలమ్మ టీ బండి పక్కనే నా జిరాక్స్ షాపు. ఆదివారం షట్టర్ సగమే ఎత్తుతాను. ఆ రోజు వచ్చేవాళ్లెవరూ జిరాక్స్ కోసం రారు, షాపు ముందున్న బెంచీ కోసం వస్తారు. నా పేరు వేణుమాధవ్ అని కూడా సగంమందికి తెలీదు, జిరాక్స్ అన్న అంటే చాలు.

బెంచీకి ఒక చివర తుకారాం కూర్చుంటాడు. అరవై దాటిన మనిషి. నేరేడ్‌మెట్‌లో చాలా ఏళ్లు కర్రీ పాయింట్ నడిపి, అది మూసేశాక ఇటు మారాడు. నోరు తెరిస్తే కోతలే. కాని ఆయన కోతల్లో ఒక మర్యాద ఉంది. ఎవర్నీ తక్కువ చేయడు, తనను మాత్రం ఎక్కువ చేసుకుంటాడు. అందుకే అందరం వింటాం.

రెండో చివర ఉదయ్‌కిరణ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల నాన్న కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈ అబ్బాయికి పుస్తకాల పిచ్చి. ప్రతి ఆదివారం ఒక లావు పుస్తకం చంకలో పెట్టుకుని వస్తాడు. ఒక వారం కంపెనీ ఎలా పెట్టాలో చెప్పేది, ఒక వారం యంత్రాలు మన ఉద్యోగాలు ఎలా మింగుతాయో చెప్పేది, ఇంకో వారం ఉన్నవాడు ఇంకా ఉన్నవాడెలా అవుతాడో చెప్పేది. టీ తాగుతూ మాకు సారం చెబుతాడు, మేం వాదిస్తాం. ఒకసారి శ్యామలమ్మ అంతా విని, ఇంత లావు పుస్తకంలో ఈ ఒక్క మాటే ఉంటే మిగతా కాగితాలు ఎందుకు పెట్టారని అడిగింది. ఉదయ్‌కిరణ్ నవ్వేశాడు గాని, మరుసటి వారం కొంచెం సన్న పుస్తకం తెచ్చాడు.

ఆ ఆదివారం మాత్రం పుస్తకం తెరవలేదు. ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి, రేపు ఆఫీసులో రాజీనామా ఇస్తున్నానన్నాడు. సొంతంగా ఒక యాప్ పెడతాడట. ఇంట్లో వండిన వంట ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి చేరుతుంది. మొదట వండేది వాళ్లావిడ నీహారిక. ఆ అమ్మాయి స్కూల్లో లెక్కల టీచరు, అది మానేస్తుంది. ఆమె చేసిన చేపల పులుసు ఇతను డబ్బాలో తీసుకెళ్తే ఆఫీసులో అంతస్తంతా గిన్నె నాకుతుందట. ఆలోచిస్తూ కూర్చున్నవాడు ఎప్పటికీ మొదలుపెట్టలేడని ఆ పుస్తకంలో ఉందన్నాడు.

నీహారిక సరే అందా అని అడిగాను.

"వద్దనలేదన్నా," అన్నాడు.

నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గాని, వయసులో ఉన్నవాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను. అప్పటికే తుకారాం భార్య విమలమ్మ కూరగాయల సంచితో వచ్చి, మోకాళ్ల నొప్పులని శ్యామలమ్మ స్టూలు మీద కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు. సంచిలోంచి చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

తుకారాం గొంతు సవరించుకున్నాడు.

"గిసోంటి పుస్తకాలు రాసెటోళ్లందరికి నేను ఎర్కే బేటా. నువ్వు ధైర్యంగ పో. నా ముచ్చట జెర ఇని పో. నేరేడ్‌మెట్ల నా పాయింట్ ఉండె గదా, పప్పు, చారు, బెండకాయ, ఆలుగడ్డ, కోడిగుడ్డు పులుసు, అందరి లెక్కనే నడుస్తుండె. ఒక దినం ఒక సారు పప్పు కట్టించుకుంట, చేతుల ఉన్న పుస్తకం కౌంటర్ మీద వెట్టి మర్శిపోయిండు. నీ ఒళ్లె ఉన్నసోంటిదే, ఇంకింత లావు. నాకు ఇంగ్లీష్ అంత రాదు, గని అది నన్ను చూస్తుంటె నేను దాన్ని చూడకుంటెట్ల? ఒక పొట్లం కట్టుడు, ఒక పేజీ తిప్పుడు. గట్ల ఖతం జేసిన. అండ్ల ఏమున్నదంటే, ఒక్కటే పని పట్టుకో, లోకంల ఎవ్వడు చెయ్యనంత మంచిగ చెయ్యి అని ఉన్నది. తెల్లారి అన్ని కూరలు బంద్ వెట్టిన. ఒక్క టమాట పప్పు, గంతే. మాపటికి చూస్తే లైన్."

ఎక్కడిదాకా అని అడిగాను.

"అబద్ధం ఎందుకు చెప్పాలె, గల్లీ చివర్దాకనే."

ఆయన కోతలు ఎప్పుడూ ఇలాగే మొదలవుతాయి. ఇంతలో ఏముంది, జరిగే ఉంటుంది అనిపిస్తుంది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గా సారు పుస్తకం కోసం తిరిగొచ్చిండు. లైన్ జూసి పరేషాన్. నువ్వు మామూలు మనిషివి కాదు తుకారాం అని ఇంకో పుస్తకం ఇచ్చి పోయిండు. గది వ్యాపారం పుస్తకం. సరుకు ఫిరీగ ఇయ్యి, గిరాకీని మాత్రం నీ కాడికి మల్ల మల్ల వచ్చేటట్టు కట్టెయ్యి అని రాసిండు. కట్టుడు సంగతి పొట్లాలు కట్టెటోనికి వేరే చెప్పాల్నా? పప్పు ఫిరీ జేసిన. గని పొట్లానికి దారంతోని ఒక ముడి ఏశ్న. గా ముడి నేనొక్కన్నే ఇప్పగల్గుత. మంది ఫిరీ పప్పు అని సంబురంగ ఇంటికి తీస్కపోవుడు, గోర్లతోని గీకుడు, పండ్లతోని పీకుడు, ఆఖరికి పొట్లం పట్టుకోని మల్ల నా దుకాణానికే వచ్చుడు."

కత్తెరతో కోసుకోవచ్చుగా అంది శ్యామలమ్మ.

"కత్తెర వెడితే పప్పు చేదైతది. గట్ల కట్టిన. తిరుమలగిరికెల్లి ఒక రిటైర్డ్ కర్నల్ సాబ్ వచ్చిండు. ఆయన జిందగీల ఎన్నో చిక్కుముళ్లు ఇప్పిన మనిషి. పొద్దుగాల కూసున్నోడు పొద్దుగూకెదాక కూసోని, లేచి నాకు సెల్యూట్ కొట్టి పోయిండు. ఇప్పుడు ముడి ఇప్పేటందుకు నెలకో పాస్ వెట్టిన. పప్పు ఫిరీ, ముడికి పాస్."

"దాన్ని లాక్-ఇన్ అంటారు అంకుల్," అన్నాడు ఉదయ్‌కిరణ్. నవ్వులాటకి కాదు, నిజంగానే అన్నాడు.

"పేరు వాళ్లు వెట్టుకున్నరు బేటా, ముడి నాది. ఇగ మూడో పుస్తకం. అండ్ల ఏమున్నదంటే, లోకంల అన్నిటికన్న పెద్ద హోటల్కు పొయ్యి ఉండదు అని ఉన్నది. నేను ఒక పూటంత సోంచాయించిన. పొయ్యి తీసి అవతల వెట్టిన. నేరేడ్‌మెట్ల వండినయి తిరుమలగిరికి పంపుడు, తిరుమలగిరిల వండినయి నేరేడ్‌మెట్కు పంపుడు. నడుమ కుర్చీ ఏస్కోని నేను కూసునుడు. జెర దినాలకు ఎట్లైందంటే, ఎవ్వల ఇంట్ల ఎవ్వలు వండింది వాళ్లు తింటలేరు. పక్కింటామె కూర తిన్న మొగోడు పెండ్లాం కూరకు పేరు వెట్టుడు బంద్ జేసిండు, ఎందుకంటే పెండ్లాం ఏం వండుతదో మర్శిపోయిండు. ఇండ్లల్ల కొట్లాటలు ఖతం."

"ప్లాట్‌ఫామ్," అన్నాడు ఉదయ్‌కిరణ్ మెల్లగా. పుస్తకం మీద అతని వేళ్లు బిగుసుకున్నాయి.

"ప్లాట్‌ఫారాలు సికింద్రాబాద్ స్టేషన్ల పది ఉండె. నాది పదకొండోది."

విమలమ్మ తల ఎత్తలేదు. ఈనె లాగడం, కాయ విరవడం, గిన్నె లేదని కొంగులో వేసుకోవడం. శ్యామలమ్మ ఒక పళ్లెం ఇచ్చింది.

తుకారాం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొంచెం ముందుకు వంగాడు. ఆయన ముందుకు వంగాడంటే ఇక అక్కడినుంచి నేల మీద నడవడని మాకు తెలుసు.

"నాలుగోది మిషిన్ పుస్తకం. మనిషికి ఏం కావాల్నో మనిషికన్న ముందుగాల మిషిన్కు తెల్వాలె అని రాసిండు. చిక్కడపల్లికెల్లి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, దానికి కూరల వాసన చూపిచ్చిన. ఏడాది చూపిచ్చిన. అది ఉషారైంది. మెట్టుగూడల ఫలానా ఇంట్ల ఫలానాయనకు మాపటికి దోసకాయ పప్పు తినబుద్ధైతదని పొద్దుగాలనే చెప్పేది. ఆయన ఆఫీస్‌కెల్లి వచ్చేసరికి పొట్లం గడప మీద. నాకు గిదే కావాలె అని నీకెట్ల ఎర్కే అని ఏడ్శిండు. ఒకింటికి ఉగ్గు పంపింది. మాకు పిల్లలు లేరు అని వాళ్లు కొట్లాటకొచ్చిన్రు. తొమ్మిది నెలలు ఆగి రాండ్రి అని పంపిన. ఆగి, మిఠాయి పట్టుకోని వచ్చిన్రు. ఆఖరికి ఎట్లైందంటే, మందికి ఆకలైతుందో లేదో సుత తెలుస్తలేదు. పొట్లం వస్తె ఆకలైందన్నట్టు, రాకుంటె కాలేదన్నట్టు. గడప మీద కూసోని ఎదురుచూసేటోళ్లు."

ఈసారి ఎవరం నవ్వలేదు. శ్యామలమ్మ, తన మేనల్లుడు ఫోను చూసి గాని ఆకలేస్తుందో లేదో చెప్పడని అంది. నేనూ మా ఇంట్లో వాళ్ల గురించి అనుకున్నాను గాని బయటికి చెప్పలేదు. తుకారాం మా ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. నిజంగా మంచి కోతలరాయుడికి ఎప్పుడు అరవాలో కంటే ఎప్పుడు మెల్లగా మాట్లాడాలో బాగా తెలుస్తుంది.

"గప్పుడు వచ్చింది బేటా అసలు పుస్తకం. అర్థశాస్త్రం. లావు చూసి రిక్షాల తెప్పిచ్చిన. దాంట్ల ఏమున్నదంటే, ఒకని కాడ ఎక్కువున్నది ఇంకొకనికి తక్కువుంటది, నడుమ బజారు వెడితే ఇద్దరు బాగుపడ్తరు అని ఉన్నది. నేను సోంచాయించిన. కూర అందరి కాడ ఉన్నది. తక్కువున్నదేంది? పెద్ద పెద్ద బంగళాలల్ల ఉన్నోళ్లను అడిగిన. సార్, మీకు ఏం తక్కువ అని. అన్నీ ఉన్నయి తుకారాం, ఆకలే లేదు అన్నరు. పొద్దంత పని జేసి వచ్చెటోళ్లను అడిగిన. వాళ్ల కాడ ఆకలి ఎంతంటే అంత ఉన్నది. ఇగ అయిపాయె. నేరేడ్‌మెట్ల ఆకలి బ్యాంకు షురూ జేసిన."

"ఆకలి బ్యాంకా?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఆకలి ఎక్కువున్నోడు వచ్చి జమ చేసుడు, లేనోడు వచ్చి కొనుక్కపోవుడు. సీసాల పట్టేటోళ్లం. తాపీ పని జేసెటోని ఆకలికి మస్తు గిరాకీ. ఒక సేఠ్ ఉండె, ఇరవై ఏండ్ల సంది మందు గోలీలే తింటుండు. ఒక్క సీసా తాగిండు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు వెట్టిన. రొట్టె చేతుల పట్టుకోని చిన్న పోరని లెక్క ఏడ్శిండు. అమ్మ యాదికొచ్చింది అన్నడు."

ఆగాడు. మామూలుగా ఆగితే మమ్మల్ని అడగమని. ఇప్పుడు అలా అనిపించలేదు.

"ఆకలి అమ్ముకున్నోని సంగతి ఏంది అని ఎవ్వలు అడగలే. తాపీమేస్త్రి ఇంటికి పోయిండు. పైసలున్నయి. పెండ్లాం అన్నం వెట్టింది. చూసుకుంట కూసున్నడు. ఆకలి లేనోడు ఎందుకు తింటడు? తెల్లారి వచ్చి నాది నాకు ఇయ్యన్న అన్నడు. యాడికెల్లి ఇస్త? రేటు పెరిగింది. అమ్ముకున్నంత సులువుగ కొనుక్కుంటందుకు రాదు. గా ముచ్చట పుస్తకంల ఉన్నదా అని రాత్రంత ఎతికిన. లేదు."

కోతే అని తెలుసు. అయినా నాకు ఆ మేస్త్రి, కంచం ముందు కూర్చున్నవాడు, కళ్లకి కట్టాడు. కోతల్లో ఒక్కోసారి ఇలా ఒక నిజం దారితప్పి వచ్చి కూర్చుంటుంది. చెప్పేవాడికే తెలుస్తుందో లేదో.

తుకారాం బెంచీ మీద నిటారుగా సర్దుకున్నాడు. మళ్లీ గొంతు లేపాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? లోకంల లావు పుస్తకాలు రాసెటోళ్లందరు సికింద్రాబాద్ స్టేషన్ల దిగిన్రు. తెల్లోళ్లు, నల్లోళ్లు, జపానోళ్లు. స్టేషన్‌కెల్లి నేరేడ్‌మెట్ దాక లైన్. ఒక్కొక్కడు నా ముందు కూసోని రాసుకునుడు. తుకారాం సాబ్, రేపటి లోకం ఎట్లుంటది? చారు లెక్క ఉంటది, పైన తేరుకున్నట్టు కనబడ్తది, అడుగున అంత అట్లనే ఉంటది అని చెప్పిన. దాని మీద ఒక్కడే ఐదు పుస్తకాలు రాసిండు. ఇయ్యాల బజార్ల ఉన్న ఏ పుస్తకమన్న తియ్యి, అండ్ల ఒక అధ్యాయం నాదే. పేరు మార్శిన్రు, గంతే. నీ ఒళ్లె ఉన్నదాంట్ల సుత నేనున్న. అందుకే చెప్తున్న బేటా. ఇంగ్లీష్ రాని నేను, ఐదు పుస్తకాలతోని నేరేడ్‌మెట్ల కూసోని లోకాన్ని ఉల్టా జేసిన. నువ్వు సదువుకున్నోనివి. రేపు పోయి రాజీనామా పారేయ్."

బెంచీ మీద చెయ్యి గట్టిగా చరిచాడు. ఉదయ్‌కిరణ్ నవ్వాడు, కాని ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు. అతనికీ అది కోత అని తెలుసు. అయినా ఆ రోజు ఎవరో ఒకరు వెళ్లు అంటే చాలన్నట్టు ఉన్నాడు. విమలమ్మ వైపు తిరిగాడు.

"ఆంటీ, మీరు అప్పుడు అక్కడే ఉన్నారు కదా. ఇందులో ఎంత నిజం?"

"అంత నిజమే బిడ్డా," అంది విమలమ్మ.

తుకారాం మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"లైన్ నిజమే. ముడి నిజమే. గా సీసాలు సుత నిజమే అనుకో." ఆమె ఇంకో కాయ అందుకుంది. "నడుమల నాకు ఒకసారి జ్వరమొచ్చింది. లేవరాకుండ పండుకున్న. గా వారం ఈయననే వండిండు. వారం అయినంక పాయింట్ మూతవడ్డది."

ముందు శ్యామలమ్మ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత నేను. తుకారాం నోరు తెరిచాడు, ఆ వారం మిరపపొడి కల్తీదని ఏదో మొదలుపెట్టాడు, సగంలో ఆపేశాడు.

ఉదయ్‌కిరణ్ మాత్రం నవ్వలేదు. బెంచీ మీంచి లేచి, విమలమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె కళ్లకి సమంగా ఉండేలా గొంతుక్కూర్చున్నాడు. అన్నేళ్లు వండటం మీకు ఇష్టంగానే ఉండేదా అని అడిగాడు.

ఆమె చేతులు ఆగాయి. అప్పటిదాకా ఆ చేతులు ఆగడం నేను చూడలేదు.

"గీ ముచ్చట ఇప్పటిదాక నన్ను ఎవ్వలు అడగలే బిడ్డా," అంది. కొంచెంసేపు ఆలోచించింది. "వండుడు ఇష్టమే ఉండె. చీకటితోనె లేచి పొయ్యి ముట్టిస్తే మనసుకు మంచిగుండేది. గని తిన్నోళ్లు బాగున్నదని కౌంటర్ కాడ ఈయనకు చెప్పి పోయేటోళ్లు. నేను లోపట ఉండేదాన్ని. గదొక్కటి ఇష్టం లేకుండె."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువైందన్నట్టు అంది. తుకారాం ఆమెనే చూస్తున్నాడు. కాసేపటికి లేచి వచ్చి, స్టూలు పక్కన నేల మీద కూర్చుని, పళ్లెంలోంచి ఒక చిక్కుడుకాయ తీసి ఈనె లాగబోయాడు. కాయంతా చీలిపోయింది. విమలమ్మ దాన్ని తీసుకుని, ఎక్కడ గిల్లాలో ఇంకో కాయ మీద చూపించింది.

ఉదయ్‌కిరణ్ ఫోను తీసి నా షాపు మెట్ల దగ్గరికి వెళ్లాడు. మాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "నీహా, ఒక మాట అడగాలి. కాదు, యాప్ సంగతి కాదు. నీకు వండటం ఇష్టమేనా? నా కోసం కాదు, రోజూ, పదిమందికి." ఆ తర్వాత వింటూ నిలబడ్డాడు. ఒకసారి తల వంచాడు, ఒకసారి నవ్వాడు, ఒకసారి చెంప తుడుచుకున్నాడనిపించింది గాని నేను అటు చూడటం మానేశాను.

తిరిగొచ్చాక ఏమంది అని అడిగాను.

"పిల్లలకి లెక్కలు చెప్పడమే ఇష్టమంది. యాప్ మాట ఎత్తినప్పటినుంచి ఎప్పుడడుగుతానా అని చూస్తోందట. అంతగా పులుసు అమ్మాలనుంటే ముందు నన్ను నేర్చుకోమంది."

ఆ సోమవారం అతను రాజీనామా ఇవ్వలేదు. అలా అని యాప్ ఆలోచన వదల్లేదు. శనివారాలు పొద్దున్నే తుకారాం ఇంటికి వెళ్లి విమలమ్మ దగ్గర వంట నేర్చుకుంటున్నాడు. చేపలు కడగడం దగ్గరే రెండు వారాలు ఆగిపోయాడట. ఒకసారి నీహారికని కూడా తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి అతను వండింది తిని, తొందరేం లేదు, వచ్చే ఏడాది చూద్దామందట. ఆదివారాలు పుస్తకం ఇప్పటికీ తెస్తాడు. కాకపోతే ఇప్పుడు ఎక్కడైనా గొప్ప కంపెనీ కథ వస్తే చదవడం ఆపి, ఇందులో లోపల ఉన్నదెవరో రాయలేదే అంటాడు.

ఆ పిల్లగానికి వంట నేర్పింది తనేనని తుకారాం బెంచీ మీద చెప్పుకుంటున్నాడు. మొన్న అయితే, ఆ పులుసు వాసనకి మౌలాలి దగ్గర గూడ్సు బండి దానంతటదే ఆగిపోయిందన్నాడు. విమలమ్మ పక్కనే ఉన్నా చెబుతాడు. కాని ఈమధ్య మధ్యలో ఆగి, ఎంతవరకు సాగనిస్తుందో అని ఒకసారి ఆమె ముఖం చూసుకుని, అప్పుడు మిగతాది చెబుతున్నాడు.